మాస్టారికి కుట్టిన బెల్టు

ఏవిట్రా ఇది, నాకెందుకు చూపిస్తున్నావు? వదులైందా? పక్కన ఒరుసుకుంటోందా? ఒరుసుకోనీ. నేను ముట్టుకోను. యాభై ఏళ్లు సూది పట్టినవాణ్ణి, ఆ పట్టీని రెండంగుళాలు లోపలికి తీసి బిగించడం నాకు పది నిమిషాల పని, కాదనను. అయినా చెయ్యను. మీ అమ్మ ఫోన్ చేసి "అన్నయ్యా, వాడికి వెన్ను ఆపరేషనయ్యాక ఇచ్చిన బెల్టు సరిగ్గా కూర్చోవట్లేదు, సూదీ దారం పట్టుకుని రా" అన్నప్పుడే నాకు ఒళ్లు మండింది. సూది తేలేదు, దారమూ తేలేదు. వచ్చింది నిన్ను చూడ్డానికి. ఏవిటీ? ఆఁ, అదిగో, ఆ మాట మాత్రం అనకు. "మీ మాస్టారికి ఫెయిలైనట్టే నాకూ ఫెయిలవుతుందేమో మావయ్యా" అంటావా? ఆయన ఆపరేషన్ ఫెయిలైందని నీకెవరు చెప్పారు? మీ అమ్మేనా? అందరిదీ అదే పాట. ఆయన పోయి ఇరవై రెండేళ్లయింది, ఇప్పటికీ ఎవరికి నడుం పట్టేసినా ఆయన్నే బయటికి లాగుతారు. "అమ్మో, వెన్నుపూస ఆపరేషనా? టైలర్ మాస్టారు ఏమైపోయాడో తెలుసుగా?" ఏమైపోయాడు? ఎవరి వల్ల అయిపోయాడు? అది మాత్రం ఒక్కడూ అడగడు. ఆ డాక్టరెవరో, పాపం, ఇప్పుడు ఉన్నాడో లేడో, మేం చేసిన నిర్వాకానికి తిట్లన్నీ ఆయన తిన్నాడు.

నువ్వు చూశావురా ఆయన్ని. నీ స్కూలు నిక్కర్లు ఆయన కత్తిరించినవే. పొడుగ్గా, తాటిమట్టలా ఉండేవాడు, చెవి మీద పెన్సిలు, గుర్తొచ్చిందా? పోనీలే. మా షాపులో ఐదు మిషన్లు, ఒక కటింగు బల్ల. మేం ఐదుగురం కూర్చుని కుట్టేవాళ్లం. కత్తిరించేది ఆయనొక్కడే, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడి. మనిషేమో అంత ఎత్తు, బల్లేమో ఇంత. వంగి వంగి చేసేవాడు. "బల్ల కాళ్ల కింద తలో ఇటుకా పెడదాం మాస్టారూ" అంటే, "ఇది మా గురువుగారు నిలబడ్డ బల్లరా, దీని ఎత్తు మార్చడానికి నేనెవణ్ణి?" అనేవాడు. పనిలో మాత్రం ఆయనకి ఆయనే సాటి. మనిషి గుమ్మంలో నిలబడితే చాలు, టేపు తియ్యకుండా నడుం ఎంతో చెప్పేసేవాడు. తరవాత టేపు పెడితే అరంగుళం తేడా వచ్చిందనుకో, ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఇంకో పద్ధతుండేది ఆయనకి. ఎవరికి కుట్టినా ముందు అట్ట మీదో కాగితం మీదో గీసి, కత్తిరించి, అది చూసి గుడ్డ కత్తిరించేవాడు. తరవాత ఆ కాగితం గోడ మేకుకి తగిలించడమే. గోడ నిండా మేకులు, మేకుల నిండా జనాల నడుములూ భుజాలూ. మేమందరం అదే నేర్చుకున్నాం. ఈ సంగతి గుర్తుపెట్టుకో, మళ్లీ చెప్తాను.

నొప్పి ఎప్పుడు మొదలైందో ఎవరికీ చెప్పలేదు మహానుభావుడు. కుడికాలు పీకుతోందని ఓ చిన్న పీట తెచ్చుకుని దానిమీద కాలు పెట్టి నిలబడేవాడు. అలా రెండేళ్లు! రెండేళ్లు డాక్టరు మొహం చూళ్లేదు. ఒకడు నూనె రాశాడు. ఒకడు బోర్లా పడుకోబెట్టి వీపు మీద నడిచాడు, ఆ నడిచినవాణ్ణి నాకిప్పుడు చూపిస్తే వాడి కాళ్లు విరగ్గొడతాను. చివరికి పాదం మొద్దుబారి చెప్పు జారిపోతున్నా తెలియకపోతే, అప్పుడు పట్టుకెళ్లాం పెద్దాసుపత్రికి. డాక్టరు చిన్నవాడే, మాట మాత్రం గట్టిది. "ఇన్నాళ్లు ఏం చేస్తున్నారు? నరం నలిగిపోతోంది. సిగరెట్లు ఎన్ని కాలుస్తారు?" అన్నాడు. మాస్టారు నావైపు చూసి, "ఎప్పుడైనా ఒకటండీ" అన్నాడు. రోజుకి రెండు పెట్టెలురా! నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పానా? విప్పలేదు. పెద్దాయన పరువు తీస్తానా అనుకున్నాను. డాక్టరు అప్పటికీ చెప్పాడు, "ఆ ఒకటీ మానెయ్యాలి, రెండు పూసలు కలిపి స్క్రూలు వేస్తున్నాను, పొగ తాగితే ఎముక అతుక్కోదు" అని. ఆయన బుద్ధిగా తలూపాడు, మేమూ ఊపాం.

ఆపరేషన్ జరిగిన మర్నాడు ఏమైందో చెప్పనా? నడిచాడురా! నర్సమ్మ ఒకపక్క, నేను ఒకపక్క, వార్డు చివర కిటికీ దాకా వెళ్లి తిరిగొచ్చాడు. మంచం మీద కూర్చుని కాలు చేత్తో తడుముకుని, "ఒరేయ్, మంట లేదురా. రెండేళ్ల తరవాత నా కాలు నాదిలా ఉంది" అని ఏడ్చేశాడు. నా చెవులతో విన్నాను. మరి ఫెయిలైందంటారేంట్రా? ఇంటికి పంపేటప్పుడు ఆ నర్సమ్మే అక్కకి, అంటే మాస్టారి భార్యకి, అట్ట ఫైలు చేతిలో పెట్టి, "ఎలా ఉండాలో అన్నీ దీంట్లో రాశానమ్మా, చదువుకోండి" అంది. నడుంకి కట్టుకోమని ఒక బెల్టూ ఇచ్చింది, ఇదిగో ఇలాంటిదే.

ఇంటికి తెచ్చాం. అంతే, మొదలైంది. ఆయన లేవబోతే అక్క ఒక్క కేక, "స్క్రూలండీ, స్క్రూలు! కదిలితే ఊడిపోవూ?" ఆయన తమ్ముడు తలుపులు బిగించే పనివాడు, అందుకని స్క్రూల గురించి తనకి మించి తెలిసినవాడు లేడు. "చెక్కలో వేసిన స్క్రూనే ఊగిస్తే వదులవుతుంది వదినా, ఎముక ఎంత?" అన్నాడు. చాలా తెలివైన మాటని మేమందరం మెచ్చుకున్నాం కూడా. ఇంక ఆయన్ని కాలు కింద పెట్టనిస్తేనా! అన్నం మంచం మీదే, స్నానం మంచం మీదే. ప్రేమరా అల్లుడూ, కాదనను. ఆవిడ మూడు నెలలు కంటినిండా నిద్రపోలేదు. ఆవిణ్ణి తిట్టాలంటే నాకు నోరు రాదు. నోరు రాకపోవడం వల్లే కదా ఇదంతా! చూడ్డానికొచ్చినవాళ్లని చూడాలి ఇంక. కుర్చీ లాక్కుని కూర్చోవడం, "మా పిన్ని మొగుడూ ఇలాగే చేయించుకున్నాడండీ, మళ్లీ లేస్తే ఒట్టు" అనడం, చేతికిచ్చిన కాఫీ తాగేసి చక్కా పోవడం. ఆ మాట ఆయన మనసులో ఎక్కడ దిగబడిందో వాళ్లకేం పట్టింది? నెల తిరిగేసరికి మాస్టారే దుప్పటి గడ్డం దాకా లాక్కుని, "వద్దురా, ఊడిపోతే?" అనడం మొదలెట్టాడు. ఆసుపత్రిలో కిటికీ దాకా నడిచిన మనిషి! మళ్లీ చూపించుకోవడానికి వెళ్లాల్సిన రోజొస్తే "బస్సు కుదుపులకి స్క్రూలు కదుల్తాయి" అని మానేశారు. నవ్వకు, నువ్వు నడిపేదీ బస్సే. సిగరెట్లంటావా? అవి ఎవరు తెచ్చిచ్చారనుకున్నావు? మేమే. ఐదుగురం, వంతులేసుకుని. "మంచంలో ఏం తోస్తుంది పాపం, ఒకటి కాల్చుకోనీ" అని.

ఇంక బెల్టు. ఆసుపత్రివాళ్లదేం చేస్తుంది, అందరికీ ఒకటే కొలత. ఆయన సన్నటి నడుంకి ఒకచోట వదులు, ఒకచోట బిగువు. ఇంటికి తెచ్చిన రోజే అక్క "ఏదైనా చెయ్యి తమ్ముడూ" అంది. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. మా మాస్టారికి, కొలతంటే ప్రాణం పెట్టే మనిషికి, సరిపోని బెల్టా! అప్పటికప్పుడు కొలతలు తీశాను. గీద్దామంటే ఇంట్లో దళసరి కాగితం లేదు. బల్ల మీద ఆసుపత్రి ఫైలుంది. లోపలి రిపోర్టులన్నీ తీసి కవర్లో పెట్టేసి, ఆ అట్ట తీసుకున్నాను. ఒకవైపేదో రాసి ఉంది. రాతలో గీత కనబడదని, రాతవైపు కింద పెట్టి తెల్లవైపు పైకి పెట్టాను. అది మా పద్ధతిరా, చేయి దానంతటదే తిప్పేస్తుంది. గీశాను, కత్తిరించాను, షాపుకి పట్టుకెళ్లాను. నాలుగు పొరలు కాన్వాసు, మధ్యలో పాత గొడుగు ఊచలు, లోపల మెత్తటి ఫ్లానెలు, ముందు మూడు బకిల్స్. రెండ్రోజులు వేరే పని ముట్టుకోలేదు. నా జన్మలో అంతకంటే బాగా నేను ఇంకేమీ కుట్టలేదు. ఆయన కట్టుకుని, అంచు వేలితో తడిమి చూసి, "కుట్టు ఎక్కడా పలచబడలేదురా" అన్నాడు. ముప్పై ఏళ్లలో ఆయన నన్ను మెచ్చుకుంది ఆ ఒక్కసారే.

అంత హాయిగా ఉన్నదాన్ని ఎవరు విప్పుతారు చెప్పు? ఆయనా విప్పలేదు. పడుకున్నా అదే, కూర్చున్నా అదే. ఆర్నెల్లయింది, ఏడాదయింది. నిలబెట్టే పనంతా గొడుగు ఊచలు చేస్తుంటే ఇంక వీపుకేం పని? కండంతా కరిగిపోయింది. పొట్ట మాత్రం పెరిగింది. ముప్పై రెండున్న నడుం ముప్పై ఎనిమిదయింది, ఆ పక్కకుట్లు విప్పి బెల్టు పెద్దది చేస్తూ వచ్చింది నేనే కాబట్టి లెక్క నాకు తెలుసు. ఒకసారి స్నానానికని విప్పితే ఐదు నిమిషాలు నిలబడలేక గోడ పట్టుకుని జారిపోయాడు. "చూశారా, ఆపరేషన్ చెడిపోయింది!" అన్నారందరూ. నేనూ అన్నాను. షాపుకొచ్చే ప్రతివాడికీ ఆ డాక్టరు గురించి కథలుకథలుగా చెప్పాను.

ఇంకోటి కూడా ఉంది. వద్దనుకున్నాను, మొదలెట్టాక దాచడమెందుకు? ఆయన మంచం మీద ఉన్నన్నాళ్లూ ఆ బల్ల దగ్గర నిలబడింది నేను. మొదట్లో వెళ్లినప్పుడల్లా అడిగేవాడు, "కటింగు ఎవరు చేస్తున్నారు? పెళ్లికోట్లు వచ్చాయా? నేనెప్పుడు రావాలి?" అని. మనిషికి లేవాలనిపించడానికి అంతకన్నా ఏం కావాలి? నేనేమన్నాను? "మీకెందుకు మాస్టారూ ఆ దిగులు, నేను చూసుకుంటున్నాగా, మీరు హాయిగా పడుకోండి" అన్నాను. మూడు నెలలకి అడగడం మానేశాడు. కావాలని అన్నానా అంటే, మీ అమ్మ మీద ఒట్టు, కాదు. కానీ ఆ బల్ల దగ్గర నిలబడితే... ఆఁ, అవును, నేను పొట్టివాణ్ణి కదా, నాకు ఇటుకలక్కర్లేదు, ఆ బల్ల ఎత్తు నాకు సరిగ్గా సరిపోయింది. ఏదో చెప్పబోయి ఏదో చెప్తున్నాను. తొమ్మిదేళ్లు బతికాడురా ఆ తరవాత. తొమ్మిదేళ్లలో ఒక్క జేబు కూడా కత్తిరించలేదు. వీధివైపు కిటికీ దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్ల నడుములు చెప్పేవాడు, "ముప్పై నాలుగు, ముప్పై ఆరున్నర" అని, వినేవాళ్లు లేకపోయినా.

ఆయన పోయిన ఏడాదికి షాపుకి సున్నం వేయించాం. గోడ మీది కాగితాలన్నీ దించుతున్నాను. పెళ్లికొడుకుల కోట్లు, మీ నాన్న ప్యాంటు, అన్నీ ఉన్నాయి. మూల మేకు మీద, మాస్టారి బెల్టుకి కత్తిరించిన ఆ అట్ట. నేనే తగిలించాను, పద్ధతి ప్రకారం. దించి దుమ్ము దులుపుతూ తిప్పాను. ఇంగ్లీషు కూడా కాదురా! మన భాషలోనే, ఆ నర్సమ్మ గుండ్రటి చేతిరాత, రెండో క్లాసు పిల్లాడు కూడా చదవగలడు. "రోజూ నాలుగుసార్లు నడవాలి. నడక భయం లేదు, పడకే చెరుపు." ఆ కింద, "బెల్టు నడిచేటప్పుడు మాత్రమే. ఆరు వారాల తరవాత తీసెయ్యాలి." ఆ కింద వ్యాయామాలు, చిన్నచిన్న మనిషి బొమ్మలు వేసి మరీ. తరవాతి వరస "సిగరెట్టు" అని మొదలై, అక్కడితో ఆగిపోయింది. మిగతాది నా కత్తెర తీసేసింది. తుంటి దగ్గర వంపు తిప్పానుగా, ఆ ముక్క ఆవేళే చెత్తలో కలిసుంటుంది. అక్క రెండుమూడుసార్లు అడిగింది కూడా, "ఆ ఫైలు అట్ట ఏదీ తమ్ముడూ" అని. "అట్టముక్కే కదక్కా, కాగితాలన్నీ కవర్లో భద్రంగా ఉన్నాయి" అన్నాను. ఆవిడకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు, ఇదిగో నీకే.

ఊరుకో, ఓదార్పులు నాకొద్దు. నీ ఫైలేది? ఆ అలమరాలో పైనుందా? ఇటివ్వు. వద్దు, నువ్వే చదువు. వెనకవైపు కూడా తిప్పి చదువు. పైకి, నాకు వినబడేలా. ఊఁ... ఊఁ... బెల్టు ఎన్ని వారాలన్నాడు? ఆరేనా? ఆపరేషనై ఇవాళ్టికి ఎన్నయ్యాయి? తొమ్మిదా? మళ్లీ చూపించుకోమన్న తేదీ? అదీ దాటిపోయిందా? భయమేసిందా! భయమేస్తే ఫోన్ చేసి డాక్టర్ని అడుగు, నన్నూ మీ అమ్మనీ అడక్కు. ఇదిగో, చెయ్యి, నేనిక్కడే కూర్చుంటాను. ... ఏమన్నాడు? తీసేసి నడవమన్నాడా? మరి చూస్తావేం? విప్పు. ఇలా తే, దీన్ని నేను పట్టుకుంటాను. అబ్బే, ఏం కుట్టార్రా, ఎంత నాసి పని, అంచు చూడు పోగులు పోగులుగా... మంచిదే. చెప్పులేసుకో. గేటు దాకానే. మెల్లిగా పద, నాకూ మోకాళ్లు సరిగ్గా లేవు.