తార్నాక రేసు కారుకు నేను టైం పట్టిన దినాలు

"అమ్మమ్మా, మీకు ఒకప్పుడు రేసు కారు టీం ఉండేనంట గద. మా కాలేజీ వర్క్‌షాపుల ఒక పెద్దాయన చెప్పి, మీ ఇల్లు చూపెట్టిండు. నిజమేనా?"

నిజమే బిడ్డా. కాకపోతే కారు నడిపింది నేను గాదు, నేను టైం పట్టేదాన్ని. కూసో. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతది, గీ దివాన్ మీద కూసో. ఫోన్ల రికార్డు చేస్తున్నవా? చేసుకో, నాకేం.

ఏడికెళ్లి చెప్పాలె... మా ఆయన, మల్లేశం, ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపుల ఇన్‌స్ట్రక్టరు. లేతు మిషన్ మీద పిల్లలకు పని నేర్పుతుండె. నేను ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ల ల్యాబ్ అసిస్టెంటును. పిల్లలొచ్చే యాళ్లకు పెండ్యులాలు, లెన్సులు అన్ని టేబుళ్ల మీద సర్ది పెట్టుడు నా నౌకరి. ఉండేది గీ తార్నాకల్నే. గిప్పుడు ఆ మూడంతస్తుల మందుల దుకానం ఉన్నది చూడు, దాని ఎనకాల గల్లీల రెండర్రల కిరాయిల్లు. గప్పుడు గిన్ని బిల్డింగులు ఏడియి. డాబా ఎక్కితే క్యాంపస్ చెట్లన్ని కనవడుతుండె. పావులకు చాయ్ వస్తుండె. సరే, అది వేరే ముచ్చట.

మూడో మనిషి ప్రభుదాస్ గారు. వాళ్లు గుంటూరు దిక్కుకెల్లి వచ్చిండ్రు. యూనివర్సిటీ ఆఫీసుల టైపిస్టు. ఆయన భార్య మేరీ గారు మెట్టుగూడల చర్చి బడిల టీచరు. సన్నటి మనిషి, మాట మెల్లగ. ఆయన గూడ మెత్తటోడే. ప్రతి మాటకు అండి అంటుండె. గా మనిషి స్టీరింగ్ పట్టుకుంటే వేరే మనిషి అయితడని ఎవ్వరనుకోరు.

కారు ఎట్లొచ్చిందంటే, ఏదో డిపార్ట్‌మెంటుది పాత కారు పనికిరాదని వేలం ఏసిండ్రు. ఎవ్వరు అడగకపోతే మా ఆయన తెచ్చుకున్నడు. సాయంత్రం క్లాసులయినంక దాన్ని మొత్తం ఊడదీసుడు, మల్ల బిగించుడు. ప్రభుదాస్ గారు లంచ్ టైంల వచ్చి నిలబడి చూస్తుండె. ఒకనాడు, "ఒక్కసారి తిప్పి ఇస్తానండీ" అన్నడంట. చిన్నప్పుడు వాళ్ల ఊర్ల చర్చి మిషనోళ్ల జీపు నడిపిండంట. హాస్టళ్ల ఎనక రోడ్డు మీద ఒక్క రౌండు తిప్పి తెచ్చిండు. ఆ రాత్రి... రాత్రి గాదు, పొద్దుగూకినంక, మా ఆయన ఇంటికొచ్చి అన్నం ముందు పెట్టుకొని, "సుగుణా, ఆయన మూల తిరిగినప్పుడు టైరు అరవలేదే" అన్నడు. అంతే. అన్నం సల్లారింది గని ఆయన గదే మాట మల్ల మల్ల అన్నడు.

మద్రాసు దిక్కు పాత విమానాల రన్‌వే మీద రేసులయితయి, ఎవ్వరైన బండి తీసుకపోవచ్చని ప్రభుదాస్ గారు పేపర్ల చదివిండు. ఇంకేముంది, షురూ అయింది. ఆయితారం పొద్దున ఆరింటికి, క్యాంపస్ రోడ్ల మీద మనుషులు లేనప్పుడు ప్రాక్టీసు. టైం పట్టనీకి మా ల్యాబుల స్టాప్‌వాచీ అడిగిండ్రు. మా ప్రొఫెసరు మంచోడు, ఆయితారమే గద తీసుకపో అన్నడు. మొదలు మా ఆయన పట్టిండు. బండి వస్తుంటే దాన్నే చూస్తడు, ఒత్తుడు మరుస్తడు. నాకు పెండ్యులం లెక్కబెట్టుడు అలవాటు గద, ముంగటి చక్రం గీత దాటంగనే ఒత్తుత. ప్రాక్టికల్ రికార్డు బుక్కుల మిగిలిన కాగితాలల్ల రాసి పెడుతుంటి. అట్ల నేను టీంల కలిసిన. నన్నెవ్వరు రమ్మనలే, పొమ్మనలే.

మా అక్క విద్యానగర్ల ఉంటుండె. మా బిడ్డ మూడేండ్లది, దాన్ని అక్క కాడ ఇడిసి పోతుంటిమి. "మొగోళ్లకు పని లేదు సరే, నీకేమైంది" అని అడుగుతుండె. నేను స్టాప్‌వాచీ సంచిల ఏసుకొని బయలెల్లుతుంటి.

మద్రాసుకు అదే కార్ల పోయినం. గిప్పటోళ్లు రేసు బండ్లను లారీల ఏసుకపోతరు గద, మేము రేసు బండ్లనే కూసొని పోయినం, రెండు దినాలు. మీద టైర్లు, లోపల స్టవ్వు, పరుపుచుట్ట, పులిహోర డబ్బా. మేరీ గారు చెప్పిచ్చి ఒక చర్చి హాల్ల పండుకున్నం. తలుపు మీద మా ఆయన తెల్ల రంగుతోని 'తార్నాక రేసింగ్' అని రాసిండు. తార్నాక ఏడుందని అడిగిండ్రు ఆడ.

మొదటేడు అందరికన్న ఎనక వచ్చినం. దానికి ఎవ్వరం బాధపడలే. రెండో ఏడు నడుమల. మా ఆయన ఏడాదంత కూసొని బండి బరువు తగ్గిచ్చిండు, ఎనక సీటు పీకిండు, నేను పరుపుచుట్ట మీద కూసుంటుంటి, జోరు పెరగాల్నని ఇంజను హెడ్డు లేతు మీద కోసిండు. మూడో ఏడు చిన్న ఇంజన్ల బండ్ల రేసు గెలిచినం. గొడుగులు, మడత కుర్చీలు, వంటోణ్ణి తెచ్చుకున్న టీంలుండె ఆడ. వాళ్ల మనిషి ఒకాయన వచ్చి మా బండి బానెట్ లేపమని అడిగి, శానసేపు చూసి, మా ఆయనకు చేయి ఇచ్చి పోయిండు. మా ఆయనకు కప్పు కన్న ఆ చేయి ఎక్కువ.

తిరిగొస్తే వర్క్‌షాపు పిల్లలు గేటు కాడికెల్లి బండిని నూకుకుంట తెచ్చిండ్రు. ఇంజను మంచిగనే నడుస్తుండె, అయినా నూకిండ్రు. పేపర్ల చిన్న ఫోటో గూడ పడ్డది. అండ్ల నేను సగమే ఉన్న, భుజం దాకా.

గప్పుడే ఒక ఆయిల్ కంపెనీ ఆయన టై కట్టుకొని వర్క్‌షాపుకొచ్చిండు. వచ్చే చలికాలం రేసుల మా వాళ్లు చూడనీకొస్తరు, మంచిగ చేస్తే కొత్త బండి ఇస్తం, కలకత్త, బొంబాయి అన్ని తిప్పుతం అన్నడు. మా ఆయన ఆ మాట విన్నంక నిద్రల గూడ నవ్వుతుండె.

ఇగ నేను చెప్పేది ఇక్కడికెల్లి. ఆ వానకాలం రేసుకు గూడ పోయినం, రెండో నంబరు వచ్చినం. వచ్చినంక క్యాంపస్ ప్రాక్టీసుల నేను రెండు వాచీలు పట్టుడు మొదలుపెట్టిన. ఒకటి మొత్తం రౌండుకు, ఇంకోటి ముక్క ముక్కకు. సీదా రోడ్డు మీద టైం ఎప్పటి లెక్కనే. కుడి మలుపు అంతే. ఎడమ మలుపు ఉన్న కాడ జర ఎక్కువ పడుతున్నది. ఒకటిన్నర సెకన్లు. వారం వారం అట్లనే. బండిల కథ అనుకొని మా ఆయన ఎడమ పక్క మొత్తం ఇప్పి బిగించిండు, మూడుసార్లు. తేడా పోలే. ఒకనాడు మా ఆయననే నడపమన్న. ఆయనది నిదానమే గని, ఎడమకు కుడికి ఒక్క తీరుగనే వచ్చింది. అంటే కథ బండిల లేదు.

అప్పటిసంది ప్రభుదాస్ గారిని చూసుడు మొదలుపెట్టిన. ఆఫీసుల టైపు కొట్టేటప్పుడు ఎడమ దిక్కున్న కాగితం చూడనీకి తల మొత్తం తిప్పుతుండు. తలుపుల నుంచి పోయేటప్పుడు ఎడమ భుజం తాకుతున్నది. ఒకనాడు... ఇది నేను ఎవ్వరికి చెప్పలే బిడ్డా. ఒకనాడు వాళ్ల ఆఫీసుకు పని మీద పోయి, అందరికి చాయ్ పోసి, ఆయన గ్లాసు కావాల్నని ఎడమ పక్క పెట్టిన. పెట్టినట్టు చెప్పలే. ఆయన మోచేయి తాకి మొత్తం కాగితాల మీద ఒలికింది. ఆఫీసుల అందరు నవ్విండ్రు. "క్షమించండి, చూసుకోలేదు" అని ఆయన నాకే చెప్పిండు. నేను బట్టతోని తుడిసిన. అట్ల పరీక్ష పెట్టుడు మంచి పని గాదు. ఇప్పటికి మంచిగనిపియ్యదు.

మా ఆయనకు చెప్పిన. "ఒక్క రేసు సుగుణా. అటెన్క దవాఖానకు తీసుకపోదం" అన్నడు. ఆయన చెడ్డోడు గాదు బిడ్డా, నువ్వట్ల అనుకోకు. నాలుగేండ్లు ఆ బండి తప్ప వేరే ధ్యాస లేకుండె ఆయనకు.

నేను ప్రభుదాస్ గారి కాడికే పోయిన. రికార్డు బుక్కు టేబులు మీద పెట్టి, ఎడమ మలుపు కాడి నంబర్లు చూపెట్టిన. ఆయన తల తిప్పి చదివిండు.

"ఎప్పట్నుంచి తెలుసండి మీకు?"

"దసరా ముంగటి సంది."

"నాకు అంతకు ముందే తెలుసు సుగుణ గారూ. ఎడమ పక్క చీకటిగా ఉంటోంది. మద్రాసులో ఖాళీ నూనె డ్రమ్ములు పెడతారు కదండీ మలుపుల దగ్గర, అవి లెక్కపెట్టుకుని తిప్పేశాను. అలా అలవాటైపోయింది."

"పక్కన ఇంకో బండి వస్తే?"

ఆయన రికార్డు బుక్కు మూసిండు. "ఒక్కసారి వెళ్ళొస్తానండి" అన్నడు. మా ఆయన అన్న మాటే, వేరే యాసల. నేను రాను, టైం పట్టను అని చెప్పి వచ్చేసిన. నేను పట్టకపోతే రేసు ఆగుతదా, ఆగదు. గది నాకెరికె. అందుకే మెట్టుగూడ పోయి, బడి ఇడిసేదాక గేటు కాడ నిలబడి, మేరీ గారికి చెప్పిన. ఆమె ఏడ్వలే, తిట్టలే. "ఏ రోజు బయల్దేరుతున్నారండి?" అని అడిగింది. ఆయితారం పొద్దున అని చెప్పిన.

ఆయితారం పొద్దున వర్క్‌షాపు ముంగట బండి సర్దిండ్రు. టైర్లు మీదెక్కిచ్చిండ్రు. ప్రభుదాస్ గారు చేతులు కడుక్కోనీకి లోపలికి పోయి వచ్చేవరకు మేరీ గారు స్టీరింగ్ ముంగట కూసున్నది. తెల్ల చీర, ఒళ్ల బైబిలు సంచి, చర్చికి తయారయి వచ్చింది. ఆమెకు బండి నడపరాదు. ఉత్తగ కూసున్నది.

"మేరీ, దిగు. టైమవుతోంది" అన్నడు ఆయన.

దిగలే. మాట్లాడలే. మా ఆయన వచ్చి, "అమ్మా, జర దిగండి" అన్నడు. ముంగటికే చూసుకుంట కూసున్నది. సాగనంపనీకి వచ్చిన పిల్లలు ఒక్కొక్కరే ఎల్లిపోయిండ్రు. ఎండ ఎక్కింది. నేను మంచినీళ్లిస్తే తాగింది, గ్లాసు నాకిచ్చింది, మల్ల స్టీరింగ్ మీద చేతులు పెట్టుకున్నది. చర్చి టైం గూడ దాటింది, ఆమె ఎన్నడు తప్పియ్యదు దాన్ని.

పది దాటినంక ప్రభుదాస్ గారు బండి పక్కన కింద కూసున్నడు, గొంతు కూసున్నడు. తల ఎడమకు తిప్పుకున్నడు, ఆమె ముఖం కుడి కంటికి కనవడేటట్టు. "దిగు మేరీ. నేను వెళ్ళను" అన్నడు. అప్పుడు దిగింది. ఇద్దరు బస్‌స్టాపు దిక్కు నడుసుకుంట పోయిండ్రు. మా ఆయన మీది టైర్లు దించుడు షురూ చేసిండు. నేను సాయం పట్టిన, వద్దనలే.

మా టీం గంతే. కంటి దవాఖానల, లోపల ప్రెషరు పెరిగి ఎడమ కన్ను పోయిందన్నరు. పోయిన చూపు రాదు, చుక్కల మందు ఏసుకుంటే కుడిది దక్కుతదన్నరు. దక్కింది. రిటైరయ్యేదాక టైపు కొట్టిండు. విద్యానగర్ పిల్లగాడు ఒకడు మంచిగ నడుపుతడంటే మా ఆయన ఒకసారి పిలిచిండు, గాని ఇద్దరికి పొసగలే. కంపెనీ ఆయన మల్ల రాలే. బండిని వర్క్‌షాపుల పిల్లలు ఇప్పి బిగించి నేర్చుకోనీకి పెట్టిండ్రు. ఇప్పిన ప్రతిసారి ఏదో ఒకటి తక్కువయితుండె. అట్ల అట్ల అయిపోయింది.

మా ఆయన నాతోని ఆరు నెలలు అవసరమున్న మాటే మాట్లాడిండు. అటెన్క మామూలే అయింది. నువ్వు చేసింది తప్పని అనలే, మంచిదని గూడ అనలే, పోయేదాక. నేను అడగలే.

ప్రభుదాస్ గారు మొన్న... మొన్నంటే మా ఆయన పోయిన ఏడు, చూడనీకొచ్చిండు. మేరీ గారు చెయ్యి పట్టుకొని తెచ్చింది. గిక్కడ్నే, నువ్వు కూసున్న కాడ కూసున్నడు. మేరీ గారు వంటింట్ల మా కోడలితోని మాట్లాడుతుంటే, మెల్లగ అడిగిండు.

"సుగుణ గారూ, మనం వెళ్ళని ఆ రేసులో గెలిచినవాడి టైం పేపర్లో వేశారు. మీరు చూసే ఉంటారు."

"చూసిన."

"నేను వెళ్ళి ఉంటే?"

నేను టైం ఎన్నడు తప్పు చెప్పలే బిడ్డా, ఆయనకు ఎరికె. వానకాలం రేసుల అదే రన్‌వే మీద ఆయన తీసిన టైము నా బుక్కుల ఉండె. గెలిచినోడు దానికన్న రెండు సెకన్లు ఎక్కువ తీసుకున్నడు. పేపరు వచ్చిన నాడే పక్కపక్కన పెట్టి చూసుకున్న.

"మీరే గెలుస్తుంటిరి" అన్న.

ఆయన తల ఊపిండు. "ఆ మాట అప్పుడే చెప్పి ఉంటే మళ్ళీ బండెక్కేవాణ్ణండి" అన్నడు.

"ఎరికె. అందుకే చెప్పలే."

మేరీ గారు చాయ్ తెచ్చి ఆయన కుడి చేతికే ఇచ్చింది. తాగిండు. వానొచ్చేటట్టున్నదని ఆటో పిలిపిచ్చిన, ఎల్లిపోయిండ్రు.

గంతే బిడ్డా. మీరు కాలేజీల చేస్తున్న బండి ఎవరు నడుపుతరు, నువ్వేనా? మంచిది. నడుపు. గెలిస్తే నాకొచ్చి చెప్పు, ఓడితే గూడ వచ్చి చెప్పు. నిండు నూరేండ్లు నీ కండ్లు, నీ కాళ్లు చేతులు సల్లగుండాలె. టైం ఎవరు పడుతున్నరు? మిషనా? మిషనయితే మంచిగనే పడుతది గని... ఏమో, ఒక మనిషిని గూడ నిలబెట్టుకోండ్రి పక్కన. నిన్ను ఎరిగినోళ్లను.