ఫోన్ లేని ఇల్లు

మహమ్మారి వల్ల బడి మూతబడి ఎనిమిది నెలలైంది. ఆ ఉదయం మనవరాలు తనంతట తానే వచ్చి, ఫోన్‌ను నానమ్మ ఒళ్లో పెట్టింది.

“దాచెయ్యి నానమ్మా. సాయంత్రం దాకా ఏడ్చినా ఇవ్వకు.”

“దేవుడి అలమరాలో పెట్టి తాళం వేస్తాలే.”

“ఈ పిచ్చి ఆయనకీ అంటుకుంటుందేమో!”

“ఆయనకి మన గోలే సరిపోతోంది. అయినా, ఆ మొహమేంటే అలా వాడిపోయింది?”

“ఫోన్ పక్కన పెడితే ఇల్లంతా నిశ్శబ్దమైపోతుంది. భయమేస్తుంది నానమ్మా. నిన్న కూడా పది నిమిషాలకే మళ్లీ చేతిలోకి తీసుకున్నాను.”

ఈ భయానికి ఏ దేవుడికి మొక్కాలో నానమ్మకు తెలియలేదు. పిల్లను దగ్గరికి లాక్కుంది.

“వాగుడుకాయనని మీ తాతయ్య తిట్టేవారు. ఇవాళ నోరు మూస్తే ఒట్టు. నువ్వు ఊఁ కొట్టు, చాలు.”

“నీకు గొంతు పోతుంది.”

“పోతే నువ్వందుకో. సరే, మీ నాన్న పుట్టిన రోజున ఒకటే వాన...”

“ఊఁ.”