ఫొటోలోని ఉయ్యాల

వడ్రంగి పని మానేసి ఏడాదైనా, పెద్దాయన చెవి మీద పెన్సిలు పెట్టుకోవడం మానలేదు. ఆ పూట ఎనిమిదో నెల కడుపుతో ఉన్న కోడలు పక్కన కూర్చుని ఫోను చూపించింది.

“ఉయ్యాల బాగుంది కదా మామయ్యా? ఇవ్వాళొక్కరోజే సగం ధరట. డబ్బంతా ముందే కట్టాలి.”

“వస్తువు చూడకుండానే అంతా కట్టేస్తావా? కొన్నవాళ్లెవరైనా బాగుందని రాశారా?”

“రాయడానికి వీల్లేదు, కామెంట్లు మూసేశారు.”

“కొట్టెక్కడుందట?”

“అడిగితే, రెండే మిగిలాయి త్వరపడండి అంటున్నారు.”

“అడిగింది చెప్పకుండా తొందరపెడుతున్నాడా? ఆ ఫొటో కాస్త పెద్దది చెయ్యమ్మా. పైచెక్క అంచున గాట్లున్నాయి, చూశావా?”

“డిజైనేమో.”

“డిజైను కాదు, మీ ఆడపడుచు కొడుకు పళ్లు. పళ్లొచ్చేటప్పుడు వాడు కొరకని చోటు లేదు. అది నేను చేసిన ఉయ్యాల. మురిసిపోయి మీ ఆడపడుచు నెట్‌లో ఫొటో పెట్టింది. వీళ్లు అక్కణ్నుంచి ఎత్తుకొచ్చారు.”

“అయితే వీళ్ల దగ్గర ఉయ్యాలే లేదా?”

“ఉన్న ఒక్కటీ మీ ఆడపడుచు ఇంట్లో ఉంది. వీళ్ల దగ్గరున్నది ఫొటోనే.”

కోడలు ఫోను పక్కన పెట్టేసింది.

“మీ చెయ్యి వణుకుతోంది కదా, ఇబ్బంది పెట్టడం ఎందుకని మిమ్మల్ని అడగలేదు మామయ్యా.”

“వణికితే రెండు రోజులు ఎక్కువ పడుతుంది, అంతేగా. దొంగకి కూడా నా పనే నచ్చింది. అడగనిదల్లా నువ్వే.”

పెద్దాయన చెవి మీది పెన్సిలు తీశాడు.

“మీ మంచం పక్కన ఎంత చోటుందో చెప్పు.”