ట్రామును ఎగరేసిన కహ్కులు

ఇఫ్తార్ అయిన కాసేపటికి షౌకత్ గారు గునైమ్ రొట్టెల బట్టీ పక్కనున్న టీ బడ్డీ ముందు కూర్చుని, టీ గ్లాసును రెండు చేతులతోనూ పట్టుకున్నారు. లోపల బట్టీలో ఆయన కహ్కులు కాలుతున్నాయి. రంజాన్ పండక్కి అలెగ్జాండ్రియాలో ప్రతి ఇంట్లోనూ చేసే బిస్కెట్లే అవి. నెయ్యి పోసి పిండి పిసికి, లోపల ఖర్జూరం ముద్ద పెట్టి, పైన చిన్న పట్టకారుతో నగిషీ నొక్కి, బట్టీవాళ్ళిచ్చిన నల్లటి రేకు పళ్ళెంలో పేర్చుకుని, నెత్తిన పెట్టుకుని తెచ్చి లైన్లో నిలబడాలి. ఆయనా అలాగే తెచ్చారు. కాకపోతే పుట్టి బుద్ధెరిగాక ఆయన కహ్కులు చేయడం ఇదే మొదలు.

ట్రాము నడిపే ఉద్యోగం నుంచి దిగిపోయాక, పోయినేడు భార్య ఖైరియ్యా కూడా పోయాక, ఇంట్లో తోచక ఫోనులో వీడియోలు చూసి కేకులూ బన్నులూ చేయడం మొదలుపెట్టారు. కొన్ని పొంగాయి, కొన్ని కుంగాయి. ఈలోగా కూతురు ఇబ్తిహాల్ పెళ్ళయింది. పెళ్ళయ్యాక వచ్చే మొదటి పండక్కి పుట్టింటి నుంచి కహ్కులు వెళ్ళాలి. కొన్న డబ్బా పంపితే, తల్లి లేని పిల్లకి ఎవరూ లేరని అత్తవారింట్లో ఏళ్ళ తరబడి అనుకుంటారు. అందుకే ఆ పిల్ల "మా నాన్నే స్వయంగా చేస్తున్నాడు, చూడండి" అని అత్తగారి దగ్గర గొప్పగా చెప్పేసింది. అత్తగారు తన అక్కచెల్లెళ్ళందరికీ కబురుపెట్టింది. రేపు సాయంత్రం అందరూ వచ్చి పళ్ళెం మూత తీస్తారట. ఆ పళ్ళెం ఎలా ఉంటుందో ముందే చూసి పోదామని వియ్యంకుడు రద్వాన్ గారు ఇప్పుడు షౌకత్ గారి ఎదురుగానే కూర్చున్నారు.

"ఇంతకీ ఎలా నేర్చుకున్నారు బావగారూ?" అన్నారాయన.

తెలీదని చెప్పడం షౌకత్ గారి ఒంట్లోనే లేదు.

"ఏముంది బావగారూ, మొదట్లో మామూలుగానే చేశాను, ఒక చిన్న పళ్ళెం, నాకూ పక్కింటివాళ్ళకీ సరిపోయేంత. అదీ వద్దనుకున్నా గానీ నెయ్యి మిగిలిపోయిందని చేశా. పొయ్యి మీద నుంచి దించానో లేదో, పై అంతస్తు ఆవిడ బాల్కనీలోంచి తాడు కట్టిన బుట్ట దించింది. సరేలే అని నాలుగు వేశాను."

"నాలుగే?" అన్నాడు బడ్డీ షిహాతా, గ్లాసులు కడుగుతూ.

"వినవయ్యా! ఆవిడ బుట్ట పైకి చేరకముందే ఎదురింటివాళ్ళు దించారు, ఆ పక్కవాళ్ళు దించారు, వీధి వీధంతా బుట్టలే, నేను తలెత్తితే ఆకాశం కనపడలేదంటే నమ్ము. బుట్టలు తగులుకోకుండా పోలీసాయన వచ్చి ఈల వేస్తూ నిలబడాల్సి వచ్చింది."

బట్టీ గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని తన పళ్ళేల కోసం కూర్చున్న ఉమ్ హాషిమ్ తల తిప్పి చూసింది. ఖైరియ్యాకి ప్రాణస్నేహితురాలు ఆవిడ. "మా వీధిలోనే కదా అన్నయ్యా, నా బుట్ట ఏ రోజు దించానబ్బా?" అంది.

"నువ్వు ఆ రోజు ఊళ్ళో లేవు చెల్లెమ్మా."

రద్వాన్ గారు ముక్కు ఎగబీల్చారు. "ఏదో మాడుతున్నట్టు లేదూ?"

వాసన షౌకత్ గారికి ఎప్పుడో తగిలింది. లేచి బట్టీలోకి పరిగెత్తాలని ఉంది, కానీ పరిగెత్తితే అది తన పళ్ళెమేనని ఒప్పుకున్నట్టే. అందుకని గొంతు పెంచారు.

"ఎవరిదో పాపం, చేతకానివాళ్ళది. మనవాటి వాసనే వేరు బావగారూ. ఆ వాసన సంగతే చెప్పబోతున్నా. కిటికీ తెరిచి ఉంచానా, గాలి రేవు వైపు వీస్తోందా, సైప్రస్ వెళ్ళే ఓడ ఒకటి అప్పుడే లంగరెత్తింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఓడ వెనక్కి తిరిగింది! కెప్టెన్ ఎంత చుక్కాని తిప్పినా అది మా వీధి వైపే మొహం పెట్టుకుని ఆవులా నిలబడిపోయిందట. చివరికి ఆ కెప్టెనే మా మెట్లెక్కి వచ్చాడు, ఇంత మీసాలు, కళ్ళనిండా నీళ్ళు. 'అయ్యా, మా అమ్మ పోయాక ఈ వాసన తగల్లేదు, ఒక్కటి పెట్టండి' అన్నాడు."

"పెట్టారా?"

"పెట్టకేం చేస్తాను! తిన్నాడు, మరి కదల్డే. సరుకంతా రేవులోనే ఉండిపోయింది. ఓడలో వాళ్ళంతా మా మెట్లమీద వరసగా కూర్చున్నారు, వంటవాడితో సహా."

షిహాతా పడీపడీ నవ్వాడు. రద్వాన్ గారు నవ్వలేదు. ఆయన చూపు బట్టీ తలుపు మీదే ఉంది. తలుపు సందులోంచి సన్నగా పొగ వస్తోంది.

"బావగారూ, ఒకసారి లోపల చూసొస్తే..."

"కూర్చోండి కూర్చోండి!" షౌకత్ గారు ఆయన చెయ్యి పట్టుకుని లాగారు. రేపు ఆ ఆడవాళ్ళందరి మధ్యా ఇబ్తిహాల్ తల దించుకుని నిలబడడం కళ్ళముందు ఆడింది. ఆ బొమ్మ చెరిగిపోవాలంటే మాట్లాడుతూనే ఉండాలి. "అసలు సంగతి చెప్పనే లేదు. మన కహ్కు అంటే గుల్ల. ఎంత గుల్లంటే, తూకం వేద్దామని తక్కెడలో పెడితే కహ్కులున్న తట్ట పైకి లేచింది, ఖాళీ తట్ట కిందికి దిగింది. వాటిని మా తమ్ముడికి ఇద్దామని ట్రామెక్కానా, నడిపేవాడు మన శిష్యుడే, 'మాస్టారూ, మీరే నడపండి' అని పక్కకి జరిగాడు. నడిపాను. నడుపుతుంటే చక్రాల చప్పుడు లేదు! ఏమిటా అని వంగి చూద్దును కదా, పట్టాలు కింద ఎక్కడో ఉన్నాయి."

"ట్రాము ఎగిరిందంటావ్!" అన్నాడు షిహాతా.

"కహ్కుల పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాను కదటయ్యా, ఎగరక ఏం చేస్తుంది? సముద్రం మీద ఒక చుట్టు వేయించి తీసుకొచ్చాను. కిందేమో కెప్టెన్ ఓడ వేసుకుని వెంటబడ్డాడు, ఒక్కటి జారవిడవమని. లోపల కండక్టరుకి దిక్కు తోచలేదు, గాల్లో తిరిగినదానికి టిక్కెట్టు ఎంత కొట్టాలో ఏ రూల్లోనూ లేదాయె. చివరికి ఒక్కొక్కరూ ఒక్కో కహ్కు తినేశాక పెట్టె ఖాళీ అయి..."

బట్టీ తలుపు దభాలున తెరుచుకుంది. గునైమ్ పొడుగాటి కొక్కెం కర్రతో ఒక పళ్ళెం బయటికి లాగి నేలమీద పడేశాడు. దాంతోపాటు నల్లటి పొగ. పళ్ళెంలో ఉన్నవి కహ్కులో, బొగ్గులో చెప్పడం కష్టం. చుట్టూ తారులాంటి పాకం గట్టిపడి ఇనుపరేకుకి అతుక్కుపోయింది.

"ఎవరిదమ్మా ఇది?" అని అరిచాడు. "పచ్చి పిండి మీద పంచదార పొడి చల్లి పంపినవాళ్ళెవరు? రద్దీలో మైదా అనుకుని తోసేశాను. బట్టీ అంతా కంపు కొట్టించారు!"

పళ్ళెం అంచున సుద్దతో ఎవరి పేరుందో అందరూ చూడగలరు. రద్వాన్ గారు నెమ్మదిగా లేచి నిలబడ్డారు.

"మా ఇంట్లో ఏం చెప్పమంటారు బావగారూ? మా వదినలు మన్సూరా నుంచి బయల్దేరారు కూడా."

షౌకత్ గారి నోరు దానంతటదే తెరుచుకుంది. "మీకు తెలీదు బావగారూ, నల్ల కహ్కు అంటే మామూలు సంగతి కాదు, ఫారోలు తినేవారు, ఆ కెప్టెన్ కూడా ప్రత్యేకంగా నల్లవే కావాలని..."

"అన్నయ్యా."

ఉమ్ హాషిమ్ కుర్చీలోంచి లేచి వచ్చింది. గొంతులో కోపం లేదు, అదే భయంగా ఉంది.

"నీ బుట్టలు నమ్మాను. ఓడ నమ్మాను. ట్రాము ఎగిరిందన్నావు, పోనీలే అని అదీ నమ్మాను. ఒక్కటి చెప్పు. ఖైరియ్యా ప్రతి పండక్కీ ఒళ్ళు హూనం చేసుకుని ఇవే చేసేది. ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారంటే ఒక్కసారి వంటింట్లోకి వచ్చావా? అది పంచదార పొడి ఎప్పుడు చల్లేదో చూశావా?"

షిహాతా నవ్వు ఆపేశాడు. షౌకత్ గారు కోయడానికి మరో కోత కోసం వెతుక్కున్నారు. చిన్నదో పెద్దదో ఏదో ఒకటి దొరుకుతుందనుకున్నారు. ఏదీ రాలేదు. కళ్ళు మండాయి, పొగకి కాదు.

"నా ముందుకి ఎప్పుడూ తెల్లగానే వచ్చేవమ్మా," అన్నారు చివరికి.

రద్వాన్ గారు పళ్ళెం వైపు చూశారు, షౌకత్ గారి వైపు చూశారు, నిలబడ్డ మనిషి మళ్ళీ కుర్చీలో కూర్చుండిపోయారు.

"మా ఇంట్లో ఎప్పుడు చల్లుతారో," అన్నారు నేల చూస్తూ, "నాకూ తెలీదు."

షిహాతా కడిగిన గ్లాసే మళ్ళీ కడగడం మొదలుపెట్టాడు. ఉమ్ హాషిమ్ ఆ ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకర్ని చూసి, గౌను చేతులు పైకి మడుచుకుంది.

"కాలాక, చల్లారాక," అంది. "లేవండి బావలిద్దరూ. చేతులు కడుక్కుని మా ఇంటికి నడవండి. పిండి పిసకాలి."