వయసు గడిలో పదిహేడు మంది

ఈతకొలను ఆఫీసులో ఆడవాళ్ళ బ్యాచ్ కార్డులు సాయంత్రంలోగా అచ్చవ్వాలి. కంప్యూటర్ మొరాయించిందని గుమాస్తా వదిన ఫోన్ చేయగానే, ఆ ప్రోగ్రాం రాసిచ్చిన మరిది పరుగెత్తుకొచ్చాడు.

“వదినా, నీ టెక్స్ట్ ఫైల్లో అరవై మంది ఉంటే డేటాబేస్‌లోకి నలభై ముగ్గురే ఎక్కారు.”

“మిగతా పదిహేడు మందినీ మింగేసిందా?”

“లేదు, పక్కన పెట్టింది. తప్పుల జాబితా ఇదిగో. వయసు గడిలో అంకె ఉంటేనే తీసుకుంటుంది. వీళ్ళేమో ‘పెద్ద వయసేం కాదు’, ‘చూస్తే తెలియట్లేదా’, ‘నిరుడు రాసిందే’... ఇవన్నీ ఎవరైనా టైపు చేస్తారా?”

“ఫారంలో ఉన్నది ఉన్నట్టు కొట్టాను. నా కవిత్వమేం కలపలేదు. ఏం రాసినా తీసుకునేలా మార్చలేవా?”

“కుదరదు. వయసన్నాక అంకె ఉండాల్సిందే. ఫోన్ చేసి అడుగు.”

“అడిగితే నన్ను కొలనులో ముంచేస్తారు. సరే, ముందు ఈ చివరిది నువ్వు చెప్పు. మీ ఆవిడది.”

“అదేం రాసింది?”

“‘మా ఆయన్ని అడగండి.’”

మరిది మనసులో లెక్కేసుకున్నాడు. ముప్పై తొమ్మిదా, నలభై ఒకటా?

“చెప్పవయ్యా, కొడతాను. ఎంత?”

“వదినా, కాస్త జరుగు. ఎవరేం రాసినా తీసుకునేలా ఆ గడిని మార్చేస్తున్నాను.”