లాడం పట్టని గొట్టం

హలో… ఆ, నేనే, నాయనను. చెప్పు మహితా. మీ ల్యాబులో చూసినారా, ఆ గొట్టం ముక్క?…

ఉండు, ముందు ఒకటి చెప్పు. రాయుడు పెదనాయన బాయిలరుకు మంట ఎక్కువ పెట్టినాడు, అందుకే గొట్టం పగిలి పానం పోగొట్టుకున్నాడు అంటా ఉండారు మిల్లులో. నిజమా?… కాదా!… ఇంకోతూరి చెప్పమ్మా…

మరెందుకు పగిలింది?… ఇనుములో కూడా ఉప్మా రవ్వ మాదిరి రవ్వలుంటాయా?… ఆ… వేడికీ, లోపలి ఆవిరి ఒత్తిడికీ రవ్వల అతుకుల కాడ జారి… కంటికి ఆనని బొక్కలు… ఏండ్ల తరబడా?…

అది కొత్తది కాదులేమ్మా. ఇంకో ఫ్యాక్టరీలో పదేండ్లు కాగిన గొట్టం. నేనే తెచ్చి మిల్లుకు అమ్మినాను… బాగుందని ఎట్ల చూసినానా? పాత ఇనుము యాపారంలోకి దిగిననాడు నా కాడ ఉండింది ఒక సుత్తి, రెండు చెవులు. కొడితే గంట మాదిరి మోగింది, తెచ్చినాను… అంత చెడినా మోగతాదా?…



నీకొకటి చెప్పలేదమ్మా. పెదనాయన కమ్మీ వంచి లాడం మాదిరి ఒకటి చేసుకోనుండె. బాయిలరు ఆపినప్పుడల్లా గొట్టానికి తొడిగి చూసేవాడు. పోయిన నెల ఫోన్ చేసినాడు. ‘యోగానందా, లాడం పట్టలేదప్పా, గొట్టం ఉబ్బినట్టుండాది’ అని… నేనా? నవ్వినాను. ‘నీ లాడమే వంకర పోయుంటాది, సుత్తితో కొట్టు, వింటా’ అన్నాను… కొట్టినాడు. ఫోన్లోనే విన్నాను. ‘బంగారంగా ఉండాది, మంట పెట్టుకో’ అన్నాను…

ఏడవొద్దు తల్లీ… యాడుండానా? పెదనాయన ఇంటి కాడనే. పదకొండు దినాలుగా వదిన కాఫీ ఇచ్చి నన్నే అడగతా ఉండాది, ‘మీ అన్న అంత తప్పు చేసేవాడా అప్పా’ అని…

ఫోన్ పెట్టొద్దు. స్పీకరు వేస్తా. మునెమ్మ వదినా! ఇట్ల రా. అన్న తప్పేం లేదంట, బిడ్డ చెప్తాది విను… విన్నావా? కూసో వదినా. తప్పు ఎవరిదో నేను చెప్తా. అన్న నాకు ఫోన్ చేసినాడు…

…మహితా… ఉండావా?… అంతా విన్నావు గదా…

వదిన ఏం చేసిందా?… లోపలికి పోయి ఆ లాడం తెచ్చి నా చేతిలో పెట్టింది. తలుపేసుకునింది… ముప్పై ఏండ్ల యాపారంలో నాకు మిగిలింది ఇదేనమ్మా… వద్దు, రావద్దు. పెట్టెయ్యి… కాఫీ గ్లాసు ఈడనే ఉండాది. కడిగిచ్చి పోతా.