తెలుపంత ఏడికి వోయింది?

ఏంది పంతులమ్మా, మా యాదమ్మ మూగదంటవా? ఇగో, జర కూసో. కొండాపూర్ బాలవాడికి నువ్వొచ్చి నెల గాలే, నీకేం ఎరుక?

తల్లి సచ్చినంక నా మనుమరాలు నోరు తెరిస్తే ఒట్టు. నేను మొక్కని దేవుడు లేడు. గప్పుడొచ్చింది కనకలక్ష్మి పంతులమ్మ, ఆంధ్ర దిక్కు పిల్ల. అఆలు గట్టిగ ఒర్రిపిచ్చేది గాదు. పోరగాండ్ల నడుమ కూసోని ముచ్చట పెడుతుండె.

వాన ఎలిసినంక ఒకనాడు దీన్ని బండకాడికి తోల్కపోయిందట. "నిన్న ఇక్కడ నీళ్లున్నాయి కదమ్మా, ఎటు పోయాయంటావు?" అన్నది. మాదేమో బండను తడిమి సూసి, "బండ తాగింది" అన్నది! నేనైతే నవ్వుదును. ఆమె నవ్వలే.

"అలాగా? బండకెందుకు దాహం వేసింది?"

"ఎండల కూసున్నది గద."

తెల్లారి పిల్లనే ముంతల నీళ్లు పోసి ఎండల పెట్టింది. "తగ్గినయి పంతులమ్మా! ముంత గూడ తాగుతదా?" ఇగ సూడు, ఇంట్ల ఒకటే అడుగుడు! నాకు పానం లేసొచ్చినట్టయింది.

గా సంబురం ఎన్నొద్దులు? బాలవాడి నడిచేది పటేలు కొట్టంలనే గద. పిల్లలకు సర్కారు పంపే పాలపిండి ఆయన దూడల కుడితిల వోతుండె. ఊరందరికి ఎరుకే. ఎవలడుగుతరు? ఒకనాడు పటేలొచ్చి నిలవడ్డడు. ఇదేమో గిలాస ఎత్తి, "పటేలా, పాలు మొన్న తెల్లగుండె. తెలుపంత ఏడికి వోయింది?" అన్నది.

ఆయన కనకలక్ష్మి దిక్కు సూసిండట. పిల్లను నోరు మూయమంటే అయిపోతుండె. ఆమె ఏమన్నదో ఎరుకేనా? "మంచి మాట అడిగావమ్మా. అందరం కలిసి ఆలోచిద్దాం."

వారం తిరగకముందే బదిలీ కాయితం వచ్చింది.

లింగంపల్లి బస్సుకాడ యాదమ్మ ఆమె కొంగు పట్టుకొని, "ఎందుకు పోతున్నవ్?" అనడిగింది. అన్నిటికీ ముచ్చట పెట్టేటామె, గప్పుడు మాత్రం దాని నెత్తి నిమిరి బస్సెక్కింది. గంతే. ఆనాటి సంది ఇది మల్ల మాట్లాడలే.

నువ్వేమో పోరగాండ్లను మూతి మీద ఏలు పెట్టుకోమంటున్నవట. పెట్టుకుంటరు. తప్పు నీది గాదులే, నీకు గూడ కొలువు గావాలె. పటేలు పొలం ఇడిసి నేను మాత్రం ఏడికి పోత?

మూగదనే రాసుకో బిడ్డా. జర పెద్దగైతే నా ఎంట కలుపు తియ్య తోల్కపోత. ఆడ నోటితోని పనేమున్నది?